పన్ను నరానికి చుక్కల మందు కొనేముందు ఇది చదవండి

పంటి నరం నొప్పిని మూడు రోజుల్లో పోగొడుతుందని, రూట్ కెనాల్ అవసరమే ఉండదని చెప్పి అమ్ముతున్న ఒక చుక్కల మందును ఆన్‌లైన్‌లో కొన్నాను. డబ్బు మాత్రమే పోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు.

నా కింది దవడ పన్ను ఒకటి చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. మొదట్లో రెండు మూడు క్షణాల్లో సర్దుకునేది. తరువాత వేడి తగిలినా సలుపు మొదలై, ఎంతసేపటికీ వదిలేది కాదు. రాత్రి పడుకుంటే మరీ ఎక్కువ. లేచి కూర్చుంటే కాస్త ఊరట. రూట్ కెనాల్ అంటే ఉన్న భయంతో డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆ సీసా తెప్పించుకున్నాను.

దూదికి మందు అద్ది పిప్పిలో పెట్టుకోగానే నోరంతా ఘాటు, ఆపై పన్ను మొద్దుబారింది. నాలుగో రోజుకు నొప్పి పూర్తిగా పోయింది. సంతోషం పట్టలేక ఐదు నక్షత్రాలు ఇచ్చి, అద్భుతమైన మందని రాశాను.

రెండు నెలల తరువాత ఒక ఉదయం ఆ పన్ను పక్కవాటికంటే ఎత్తుగా లేచినట్టు అనిపించింది. పళ్లు కలిపితే ప్రాణం విలవిలలాడింది. సాయంత్రానికి దవడ వాచింది. దంత వైద్యురాలు బాగా చల్లబరిచిన దూది ఉండను మొదట పక్క పన్నుకు ఆనించారు. ఉలిక్కిపడ్డాను. తరువాత నా పన్నుకు ఆనించి పట్టుకున్నారు. ఏమీ తెలియలేదు. ఎక్స్‌రేలో వేరు కొన చుట్టూ ఎముకలో నల్లటి మచ్చ కనిపించింది. "నొప్పి మందుతో తగ్గలేదమ్మా, నరం చచ్చిపోయింది కనుక తగ్గింది" అన్నారామె.

పంటి నరం, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జు గట్టి గోడల మధ్య ఉంటుంది. పిప్పి లోతుగా దిగినా, పన్ను చిట్లినా, దెబ్బ తగిలినా, ఏళ్ల తరబడి పళ్లు కొరికినా ఆ గుజ్జు వాస్తుంది. చర్మమైతే ఉబ్బుతుంది, ఇక్కడ ఉబ్బడానికి చోటు లేదు. ఒత్తిడి పెరిగి, వేరు కొనలోని సన్నని రంధ్రం గుండా వచ్చే రక్తం ఆగిపోతే నరం చస్తుంది. నొప్పి అక్కడితో ఆగుతుంది, క్రిములు మాత్రం ఎముకలోకి దిగుతాయి. పైన వేసిన ఏ చుక్కా ఈ క్రమాన్ని ఆపలేదు. ఆ సీసాల కింద కనిపించే "నొప్పి పోయింది" అన్న ప్రశంసల్లో నాలాంటివారివి ఎన్ని ఉన్నాయో అని ఇప్పుడు భయంగా ఉంది.

నా సీసా మీద సన్నటి అక్షరాల్లో ఉన్నవి లవంగ నూనె, కర్పూరం. లవంగ నూనెలోని యూజినాల్ కాసేపు తిమ్మిరి తెప్పించే మాట నిజమే. కానీ పలుచన చేయని ఆ నూనె చిగుళ్లను కాల్చేస్తుంది, నా చిగురు తెల్లగా పొక్కిపోయింది. బెంజోకెయిన్ అనే తిమ్మిరి మందు ఉన్న జెల్ అయితే రెండేళ్లలోపు పిల్లలకు అసలు వాడకూడదు. అది రక్తం ఆక్సిజన్‌ను మోయలేని ప్రమాదకర స్థితిని తేగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. సొంతంగా యాంటీబయాటిక్ కొని మింగడం కూడా దారి కాదు. చచ్చిన గుజ్జుకు రక్తమే అందదు, ఇక మందు ఎలా చేరుతుంది?

చల్లదనానికి జివ్వుమని వెంటనే తగ్గే దశలో వెళితే చాలాసార్లు ఫిల్లింగ్‌తోనే సరిపోతుంది. సలుపు వదలకుండా ఉంటే, నిద్ర లేపేస్తే రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీయాలి. నేను భయపడిన రూట్ కెనాల్‌లో మత్తు సూది పొడిచిన క్షణమే కాస్త బాధ. పంటి వేరులోని కాలువలు శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థం నింపి, పైన క్యాప్ వేశారు. దవడ పళ్లకు ఆ క్యాప్ వాయిదా వేయకండి, లోపల డొల్లయిన పన్ను సులభంగా విరుగుతుంది.

వాపు దవడ కిందికి పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి.

నా ఐదు నక్షత్రాలను తీసేసి, జరిగింది రాశాను. అలాంటి మందు వాడి నొప్పి తగ్గిందనుకుంటున్న వారెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ వారంలోనే ఒక ఎక్స్‌రే తీయించుకోండి.