బర్త్‌డే పార్టీల ప్రైవేట్ థియేటర్‌లో 'సైకో' చూశాం

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్న ఈ ప్రైవేట్ థియేటర్‌కి ఎక్కువమంది సినిమా కోసం రారు, కేక్ కోయడానికి వస్తారు. గోడల నిండా ప్లాస్టిక్ పూలు, గుండె ఆకారంలో లైట్లు, సోఫాల కింద ముందు బ్యాచ్ వాళ్లు వదిలేసిన బెలూన్లు. డెకరేషన్ వద్దని బుక్ చేసేటప్పుడే చెప్పాం. వద్దన్నా రేటు తగ్గదట. మూడు గంటల స్లాట్‌కి నలుగురికి 1,400 రూపాయలు. మేం పెట్టుకున్నది 1960లో డైరెక్టర్ హిచ్‌కాక్ తీసిన హారర్ సినిమా 'సైకో'. నిడివి 109 నిమిషాలే కాబట్టి సెట్టింగులతో కుస్తీ పట్టడానికి కూడా టైం మిగిలింది. కుస్తీ పట్టాల్సే వచ్చింది.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. షాట్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ తెగాలి అన్నదే రోజంతా నా పని. ఒక రూమ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను ఫైట్ల సినిమా పెట్టను. బాంబులు ఎలాంటి స్పీకర్‌లోనైనా పేలతాయి. పాత హారర్ సినిమాకి చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి. 'సైకో'కి మరీను. హిచ్‌కాక్ తన టీవీ షో యూనిట్‌నే పెట్టుకుని, సుమారు 8 లక్షల డాలర్లలో, బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు దాన్ని. హంగులు లేవు. ఏం చూపించాలి, ఏం దాచాలి, ఎంతసేపు దాచాలి అన్న లెక్క మీదే సినిమా అంతా నడుస్తుంది. రూమ్ ఆ లెక్క చెడగొట్టకపోతే చాలు.

ముందు బొమ్మ సంగతి. ఆన్ చేయగానే తెర మీద మనుషులు టీవీ సీరియల్లో లాగా నున్నగా జారుతూ కదిలారు. సినిమా సెకనుకి 24 ఫ్రేములే. వాటి మధ్యలో ప్రొజెక్టర్ సొంతంగా కొన్ని ఫ్రేములు పుట్టించి కలిపేస్తోంది. క్రికెట్‌కి అది బాగుంటుందేమో. "అందరూ ఇలాగే చూస్తారు సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. అయినా విసుక్కోకుండా మెనూలోకి వెళ్లి ఆ ఆప్షన్ తీసేశాడు, 'వివిడ్' మోడ్‌ని 'సినిమా' మోడ్‌కి మార్చాడు. సీలింగ్ చుట్టూ ఉన్న నీలం ఎల్‌ఈడీ పట్టీ కూడా ఆపించాక నలుపు నల్లగా కనిపించింది.

ఆ నలుపు ఎందుకంత ముఖ్యమో హీరోయిన్ మేరియన్ వానలో కారు నడిపే సీన్‌లో తెలుస్తుంది. ఆఫీసు డబ్బు 40,000 డాలర్లు ఎత్తుకుని పారిపోతోంది. చూపించేది ఏముంది? ఆమె ముఖం, వైపర్లు, ఎదురుగా వచ్చే హెడ్‌లైట్లు. మళ్లీ ముఖం. ఈపాటికి బాసు ఏమంటుంటాడో, డబ్బు పోయినవాడు ఏమంటుంటాడో ఆమె ఊహించుకునే మాటలు మనకి వినిపిస్తుంటాయి. వెంట పడేవాళ్లెవరూ లేరు. అయినా అద్దం అవతల చీకటిలో ఏదో ఉందనిపిస్తుంది. తెర బూడిద రంగులో ఉంటే అది ఉత్త వాన సీనే అయిపోతుంది.

అంతకుముందే నల్లకళ్లద్దాల పోలీసు వస్తాడు. తెర నిండా అతని ముఖమే, సూటిగా మనవైపే చూస్తుంటాడు, కళ్లు కనిపించవు. మనిషి కంటి చూపుకి దగ్గరగా ఉంటుందని హిచ్‌కాక్ ఈ సినిమాలో దాదాపు అంతా 50 ఎంఎం లెన్సే వాడించాడు. అందుకే కారు కిటికీలోంచి ఆ పోలీసు మన సీట్లోకే వంగినట్టుంటుంది. అప్పటిదాకా రిక్లైనర్ పూర్తిగా వెనక్కి వాల్చుకుని ఫోన్ చూసుకుంటున్న మా బావమరిది లేచి కూర్చున్నాడు. "ఏటి బావా, ఆడేం చెయ్యకుండానే ఇంత టెన్షనేటి?" అన్నాడు. వాడు ఈ సినిమా చూడటం ఇదే మొదలు. అందుకే అసలు గుట్టు ఇక్కడా రాయను.

సౌండ్ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. రాత్రికి దిగిన మోటెల్ (రోడ్డు పక్క లాడ్జి) గదిలో ఉన్న మేరియన్‌కి కొండ మీది ఇంట్లోంచి ముసలావిడ అరుపులు వినిపిస్తాయి. అవి దూరం నుంచి రావాలి. ఆ దూరంలోనే ఉంది భయం. ఇక్కడ అవి మా సోఫా వెనకాల నుంచి వచ్చాయి! మోనోలో, అంటే ఒకే చానెల్‌లో రికార్డయిన సినిమాని వీళ్ల సిస్టమ్ చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ పంచేస్తోంది. పైగా బాస్ మొత్తం పెంచి పెట్టారు. మోటెల్ నడిపే నార్మన్ గుసగుస, తలుపు దభీమన్న చప్పుడు ఒకే స్థాయిలో వినిపించాయి. కుర్రాడికి చేతకాక ఓనర్‌ని పిలిచాడు. ఆయన వచ్చి స్టీరియోకి మార్చి, బాస్ తగ్గించారు. ఆ సీన్ వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. ఈసారి అరుపులు కిటికీ అవతలే ఉన్నాయి. మాట వినే ఓనర్ కాబట్టి దీనికి స్టార్ కోయడం లేదు.

మేరియన్‌ని కత్తితో చంపే షవర్ సీన్ గురించి అందరూ చెప్పేదే: తెర మీద ముప్పావు నిమిషం, షూటింగ్ 7 రోజులు, రక్తం బదులు చాక్లెట్ సిరప్, కత్తి దిగే చప్పుడుకి మెలన్ పండు. మాతో వచ్చిన కెమెరామెన్ అన్న రిమోట్ అందుకుని ఒక్కో కట్ ఆపి చూద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆపితే అక్కడ దాదాపు ఏమీ ఉండదు. చెయ్యి, కత్తి, టైల్స్, నీళ్లు. దెబ్బ కట్‌కీ కట్‌కీ మధ్య తగులుతుంది.

నాకు అంతకంటే దానికి ముందు షాట్ ఇష్టం. మేరియన్ స్నానం చేస్తుంటే వెనకాల పల్చటి కర్టెన్. కెమెరా మెల్లగా దగ్గరికి జరిగే కొద్దీ ఆమె ఫ్రేమ్‌లో ఓ మూలకి వెళ్లిపోతుంది, మధ్యలో కర్టెన్ మిగులుతుంది. దాని వెనక తలుపు తెరుచుకుంటుంది, నీడ వస్తుంది. మ్యూజిక్ లేదు, నీళ్ల చప్పుడే. మనం చూశాం, ఆమె చూడలేదు. ఆ కొన్ని క్షణాలే టెన్షన్. వయొలిన్ల అరుపు ఆ తర్వాత. అసలు హిచ్‌కాక్ ఈ సీన్‌కి మ్యూజిక్ వద్దన్నాడు. మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ తనంతట తాను చేసి వినిపిస్తే ఒప్పుకున్నాడు. సినిమా మొత్తానికీ హెర్మన్ వాడింది తీగ వాయిద్యాలే. బాస్ తగ్గించడం వల్ల ఆ గీత గీసినట్టుండే శబ్దం ఇక్కడ చక్కగా పలికింది.

తర్వాత నార్మన్ గది కడుగుతాడు. చాలాసేపు మాటల్లేవు. తుడవడం, చుట్టడం, కారు డిక్కీలో పెట్టడం. డబ్బున్న న్యూస్‌పేపర్‌ని కూడా తెలియకుండానే అందులో పడేస్తాడు. సరిగ్గా అప్పుడు పక్క రూమ్‌లో "హ్యాపీ బర్త్‌డే టు యూ" మొదలైంది. రెండు రూముల మధ్య ఉన్నది ప్లైవుడ్ పార్టిషన్. వాళ్ల తప్పేం లేదు, పార్టీకి డబ్బు కట్టారు. రూములు అద్దెకిచ్చే చోట గోడ కట్టించకపోవడం మాత్రం తప్పే. స్టార్ అక్కడ పోయింది.

అయినా కారు బురద మడుగులో మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోయినప్పుడు ఆ పాట మాకెవరికీ వినిపించలేదు. కెమెరా కారుని చూపిస్తుంది, నార్మన్ ముఖం చూపిస్తుంది, మళ్లీ కారు. కదలదు. "అయ్యో, మునగదేంటి!" అంది మా ఆవిడ. అనేశాక తనే నవ్వింది. కాసేపటి క్రితం ఆ అమ్మాయి కోసం అయ్యో అన్నది కూడా తనే. హీరోయిన్ పోయాక కెమెరా నార్మన్‌ని వదలదు. మనకి అంటిపెట్టుకోడానికి ఇంకెవరూ ఉండరు, వాడి కంగారే మన కంగారు అయిపోతుంది.

1960లో సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ థియేటర్లకి రూల్ పెట్టాడు. మాకు మేరియన్‌ని వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్ ఆర్బొగాస్ట్ ఆ కొండ మీది ఇంట్లో మెట్లెక్కుతుండగా స్వీట్ కార్న్ వచ్చింది. తలుపు బార్లా తెరిచారు, కారిడార్ లైటు తెర మీద పడింది. సినిమాలో కూడా సరిగ్గా అప్పుడే పైన ఓ తలుపు సందులోంచి వెలుగు గీత పడుతుంది. పోయిందది.

ఆ మెట్ల సీన్‌కి ఓ కథ ఉంది. షూటింగ్ రోజు హిచ్‌కాక్‌కి జ్వరం. యూనిట్ వాళ్లు డిటెక్టివ్ చెయ్యి, కాళ్లు, రెయిలింగ్ అంటూ ముక్కలు ముక్కలుగా తీశారు. చూసి ఆయన పక్కన పెట్టేశాడు. అలా కట్ చేస్తే ఎక్కేవాడే ప్రమాదకరమైన మనిషిలా కనిపిస్తాడన్నాడు. నేనైతే కళ్లకద్దుకుని వాడేవాణ్ణి. పెళ్లికూతురు మండపానికి వచ్చేటప్పుడు పట్టీలు, గాజులు, పారాణి అంటూ నేను పేర్చేది కూడా అలాంటి క్లోజప్పులనే, ఎవరో వస్తున్నారని చెప్పడానికి. ఇక్కడ ఎక్కేవాడు అమాయకుడు, తిన్నగా ఎక్కాలి. పైకి చేరగానే కెమెరా సీలింగ్‌కి వెళ్లిపోతుంది. అక్కణ్నుంచి మనిషి ఇంతే కనిపిస్తాడు, దాడి చేసిన వాళ్ల ముఖం దాచినట్టూ ఉండదు. వెంటనే తెర నిండా అతని ముఖం. చిన్నది ఒక్కసారిగా పెద్దదవడంతోనే ఒళ్లు జలదరిస్తుంది.

నేలమాళిగలో బల్బు ఊగే సీన్‌లో ప్రొజెక్టర్ ఏ లోటూ చేయలేదు. చివర్లో డాక్టర్ ఉపన్యాసం నాకెప్పుడూ సాగతీతే. ఆ టైంలో టీ చెప్పాం.

పార్టీకైతే నాలుగున్నర స్టార్లు ఇవ్వొచ్చు. సినిమాకి మూడున్నర. వెళ్లేవాళ్లు వారం మధ్యలో పొద్దున్న స్లాట్ చూసుకోండి, సాయంత్రాలు కేకుల సీజనే. చివరి రూమ్ అడగండి, దానికి ఒకవైపు నిజమైన గోడ ఉంది. తినేవన్నీ సినిమా మొదలవకముందే తెప్పించుకుని, ఇక తలుపు తీయొద్దని చెప్పండి. ఏసీ బాగుంది, బాత్రూమ్ శుభ్రంగా ఉంది. కారు పెట్టుకునే చోటు లేదు, బండి మీద వెళ్లడమే మేలు.