ఈటింగ్ డిజార్డర్‌కి కౌన్సెలింగ్, గ్రూప్ సపోర్ట్: చాలాకాలం వెళ్లాక నా అభిప్రాయం

నాకున్నది బులీమియా. ఎవరూ చూడకుండా విపరీతంగా తినడం, తిన్నదాన్ని ఎలాగోలా వదిలించుకోవడం, మర్నాడంతా కడుపు మాడ్చుకోవడం. ఏళ్ల తరబడి ఇదే తంతు. దీనికోసం ముందు ఒక థెరపిస్ట్ దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్నాను, కొంతకాలానికి సపోర్ట్ గ్రూపులో చేరాను. కౌన్సెలింగ్ ముగిసి చాలాకాలమైంది, గ్రూపుకి ఇప్పటికీ వెళ్తున్నాను. రెండింట్లో ఏది మేలని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే: నా తిండి తీరు మార్చింది కౌన్సెలింగ్, దాచుకోవడం మాన్పించింది గ్రూప్. చికిత్స ఏదీ లేకుండా నేరుగా గ్రూపుకి మాత్రమే వెళ్లమని ఎవరికీ చెప్పలేను.

కౌన్సెలింగ్ అంటే చిన్ననాటి సంగతులన్నీ తవ్వుతారనుకున్నాను. మొదటివారం నన్ను చేయమన్నది ఒక్కటే పని: తిన్నదేదైనా తిన్న వెంటనే రాయడం. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం తిన్నాను, అది అతిగా అనిపించిందా, అప్పుడు మనసులో ఏముంది. కేలరీలు మాత్రం రాయకూడదు. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే కుదరదు, ఎందుకంటే అప్పటికే సిగ్గు కొన్ని వాక్యాలని కొట్టేస్తుంది. నాకు వాడిన పద్ధతి పేరు సీబీటీ-ఈ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఈటింగ్ డిజార్డర్లకోసం చేసిన రకం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించినది. బరువు మరీ పడిపోనివాళ్లకి మామూలుగా 20 వారాల్లో 20 సెషన్లు, మొదటి నాలుగు వారాలూ వారానికి రెండేసి. బరువు బాగా తగ్గిపోయినవాళ్లకి 40 సెషన్ల దాకా ఉంటాయి.

రాయడం అలవాటయ్యాక వచ్చింది అసలు పరీక్ష. రోజుకి మూడుసార్లు భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, ఎక్కడా నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు. ఆకలేసినా వేయకపోయినా టైముకి తినాలి. ముందురోజు రాత్రి అతిగా తిన్నా సరే, పొద్దున్నే టిఫిన్ మానకూడదు. నాకు చెమటలు పట్టాయి. అతిగా తినేవాడికి ఇంకా తినమని చెప్పడమేమిటని గట్టిగానే వాదించాను.

అప్పుడు థెరపిస్ట్ మిన్నెసోటా ప్రయోగం గురించి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం చివరిరోజుల్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి ఆరునెలల పాటు తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లకి అంతకుముందు తిండితో ఏ గొడవా లేదు. కొన్నాళ్లకి పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన, వంటల పుస్తకాలు పోగేయడం, దిగులు, చిరాకు. మళ్లీ తినే వీలు దొరికాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు. అది వింటుంటే ఏడుపొచ్చింది. నా బలహీనత అనుకున్నది చాలావరకు ఆకలి చేసే పని. టైముకి తినడం మొదలెట్టిన కొన్ని వారాలకే అతిగా తినే రోజులు తగ్గాయి. మొత్తం కౌన్సెలింగ్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే.

తూకం విషయం మాత్రం చాలా కష్టమైంది. ఇంట్లో చూసుకోకూడదు, వారానికి ఒక్కసారి సెషన్‌లోనే చూడాలి. ఒక వారం అంకెని పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదు, ఒంట్లో నీళ్లు పెరిగినా తగ్గినా అది మారిపోతుంది కాబట్టి నాలుగు వారాలవి కలిపి చూడాలి. ఇది ఒంటబట్టడానికి నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువకాలం పట్టింది.

మరో మాట. కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు, డాక్టరు కూడా ఉండాలి. వాంతులవల్ల రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. బయటికి మనిషి బాగానే కనిపిస్తాడు. అందుకే నాకు రక్త పరీక్షలు, ఈసీజీ అడపాదడపా చేసేవాళ్లు. వాంతి అయిన వెంటనే పళ్లు తోముకోకూడదని, నీళ్లతో పుక్కిలించి ఆగాలని చెప్పింది పళ్ల డాక్టరు. యాసిడ్ తగిలిన ఎనామిల్‌ని బ్రష్ ఇంకా అరగదీస్తుందట. సైకియాట్రిస్ట్ కొన్నాళ్లు ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చారు, నాకు కొంత ఊరట అనిపించింది. వీటన్నిటికీ ముందు ఒక డాక్టరు నా చెంపల దగ్గర వాపు (మాటిమాటికీ వాంతులయ్యేవాళ్లలో లాలాజల గ్రంథులు ఇలా ఉబ్బుతాయి) చూసి కూడా, బరువు మామూలుగానే ఉందనీ, మగవాడిననీ తిండి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఈ జబ్బు అన్ని సైజుల శరీరాల్లో ఉంటుంది, మగవాళ్లకీ వస్తుంది.

ఇక గ్రూప్. నేను మొదట చేరినదానికి నియమాలు లేవు, నడిపే మనిషి కూడా సరిగా లేరు. ఒకరు తమ బరువు చెబితే ఇంకొకరు అంతకన్నా తక్కువ అంకె చెప్పేవారు. ఎవరెన్ని రోజులు తినలేదో, ఏం చేశారో వివరంగా సాగేది. వెళ్లినప్పటికంటే బరువైన మనసుతో తిరిగొచ్చేవాణ్ణి. పైగా ‘వీళ్లంత జబ్బు నాకు లేదు, నాకెందుకు సాయం’ అనే ఆలోచన మొదలైంది. ఆ ఆలోచన ఈ జబ్బున్న చాలామందిలో ఉంటుంది, దానికి మేత వేసే చోట ఉండకూడదు. మానేశాను.

ఇప్పటి గ్రూపుని శిక్షణ ఉన్న కౌన్సెలర్ నడుపుతారు. బరువు, కేలరీలు, సైజులు చెప్పకూడదు. ఏం చేశామో పద్ధతులు వర్ణించకూడదు. ఒకరి రూపం గురించి ఇంకొకరు మాట్లాడకూడదు, ‘బాగున్నావు’ అని కూడా అనకూడదు. ఈ చివరి నియమం మొదట అతి అనిపించింది. కోలుకుంటున్న మనిషికి ‘ఆరోగ్యంగా కనిపిస్తున్నావు’ అన్న మాట ‘లావయ్యావు’ అని వినపడుతుందని ఒకావిడ చెప్పాక అర్థమైంది. ఆన్‌లైన్‌లో కలిసేటప్పుడు ఎవరి బొమ్మ వాళ్లకి తెరమీద కనపడకుండా పెట్టుకోమంటారు. చిన్న విషయమే, కానీ గంటసేపు సొంత మొహాన్ని వెతుక్కుంటూ కూర్చునే బాధ తప్పింది.

నేనొక్కణ్ణే మగవాణ్ణి. మొదట్లో అందరూ నావల్ల ఇబ్బంది పడతారేమోనని టెన్షన్. కానీ అక్కడున్నవాళ్లలో బాగా సన్నటివాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, నాకన్నా చాలా పెద్దవాళ్లు ఉన్నారు, చెప్పేది మాత్రం దాదాపు ఒకటే. తిన్న ఆనవాళ్లు ఎవరికీ కనపడకుండా సర్దేయడం గురించి ఒకరు చెబుతుంటే అందరూ తలలూపాం. ఆ క్షణం కౌన్సెలింగ్‌లో దొరకదు. థెరపిస్ట్ ఎంత మంచివారైనా వారికి తెలిసింది చదువువల్ల. బింజ్ ఈటింగ్‌ని, అంటే అదుపు లేకుండా తిని దాన్ని వదిలించుకోకపోవడాన్ని, 2013లో డీఎస్ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలో విడి జబ్బుగా చేర్చారని కౌన్సెలర్ చెప్పినరోజు, ఏళ్లుగా ‘నోరు కట్టుకో’ అన్నమాటే విన్న ఒకావిడ చాలాసేపు మాట్లాడలేకపోయారు.

గ్రూప్‌లో లోటులూ ఉన్నాయి. కొందరు చెప్పకుండా మానేస్తారు, వాళ్లకేమైందోనని దిగులు మనకి మిగిలిపోతుంది. ఎక్కువ మాట్లాడేవాళ్ల మధ్య మెతకవాళ్ల వంతు కరిగిపోతుంది. తిరగబెట్టినప్పుడు గ్రూప్ ధైర్యమిస్తుంది కానీ చికిత్స చేయలేదు. నాకు తిరగబెట్టినప్పుడు మళ్లీ డైరీ, మళ్లీ థెరపిస్ట్.

అనొరెక్సియాతో, అంటే లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బుతో, బాగా చిక్కిపోయినవాళ్లకి ముందు వైద్యం కావాలి. చాలాకాలం తినని ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకని అది డాక్టర్ల పర్యవేక్షణలో జరగాలి. పిల్లలకి, టీనేజీవాళ్లకి లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన కుటుంబ చికిత్స గురించి అడగండి. అందులో కొన్నాళ్లు భోజనం బాధ్యత తల్లిదండ్రులే తీసుకుంటారు.

గ్రూపులో చేరేముందు నడిపేవాళ్లని మూడు సంగతులు అడగండి. శిక్షణ ఏమిటి? అంకెల గురించి నియమం ఉందా? ఎవరికైనా ఆరోగ్యం బాగా దెబ్బతిన్నట్టు కనిపిస్తే ఏం చేస్తారు? మూడోదానికి స్పష్టమైన జవాబు లేకపోతే నేనైతే చేరను.