చెక్క గానుగ పల్లీ నూనె: తాలింపుకు సై, బజ్జీలకు నై

హైదరాబాద్‌లో ఇప్పుడు వీధివీధికీ ఒక గానుగ దుకాణం. కళ్లముందే ఆడించి ఇస్తారు, రుచి నిజంగానే బాగుంటుంది. పప్పు తాలింపుకూ పచ్చళ్లకూ ఐదుకు నాలుగు మార్కులు.

మరి 'గుండెకు మందు' అన్న బోర్డు సంగతి? పల్లీ నూనెలో దాదాపు సగం ఒలీయిక్ ఆమ్లం, మూడో వంతు లినోలియిక్ ఆమ్లం (ఇదే ఒమేగా-6 రకం). ఈ రెండూ అసంతృప్త కొవ్వులు, మిగతాది సంతృప్త కొవ్వు. గానుగలో ఆడించినా, రిఫైన్ చేసినా ఈ పాళ్లు పెద్దగా మారవు. ఒమేగా-6 ఒంట్లో వాపు పెంచుతుందన్న ప్రచారానికి మనుషులపై జరిగిన పరీక్షల్లో బలం దొరకలేదు. అదే కౌంటర్లో అమ్మే కొబ్బరి నూనెలో మాత్రం 90 శాతం దాకా సంతృప్త కొవ్వే. అది ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. రోజువారీ వంటకు వద్దు.

బజ్జీలకు 170-180 డిగ్రీల వేడి కావాలి. గానుగ పల్లీ నూనె 160 దగ్గరే పొగలెక్కుతుంది. అడుగున మడ్డి ఉంటే ఇంకా ముందే.

కొనేముందు గింజలు చూడండి. బూజు, ముడతలు ఉంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం, గానుగ దాన్ని తీసేయదు. లీటరుకు సుమారు రెండున్నర కిలోల పల్లీలు పడతాయి. ధర ఆ గింజల ఖరీదు కన్నా బాగా తక్కువుంటే కల్తీ అనుమానించాల్సిందే. పారదర్శక ప్లాస్టిక్ సీసాలో ఇవ్వడం పెద్ద లోపం, వెలుతురుకు నూనె త్వరగా పాడవుతుంది. స్టీలు డబ్బా తీసుకెళ్లండి.

మనిషికి రోజుకు 20 గ్రాముల లెక్కన నలుగురికి నెలకు 2.6 లీటర్లు చాలు. ఐదు లీటర్ల ఆఫర్ జోలికి వెళ్లకండి.