రెండేళ్ల హెచ్‌ఆర్ పీజీ: పైడిభీమవరం గేటు దగ్గర దాని విలువెంత?

శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల కాలేజీల్లో ఐసెట్ ర్యాంకుతో దొరికే ఎంబీఏ హెచ్‌ఆర్ కోర్సుకు మేమిచ్చే మార్కులు ఐదుకి మూడున్నర.

ఆ మూడున్నరలో సగం చట్టం పుణ్యమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది కార్మికులుంటే వారి బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్‌ను పెట్టి తీరాల్సి ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు వరసగా ఉన్న మన ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. ఆ పోస్టుకి ఏం చదివుండాలో రూల్స్‌లోనే ఉంటుంది. టైమ్ ఆఫీసులో పదేళ్లు మస్టర్ (హాజరు పట్టీ) చూసినవాళ్లు కూడా పీజీ కాగితం లేక అక్కడే ఆగిపోవడం మామూలే. కోల్ ఇండియా, ఎన్టీపీసీ లాంటి సంస్థల హెచ్‌ఆర్ నోటిఫికేషన్లు కూడా రెండేళ్ల ఫుల్‌టైమ్ పీజీ అడుగుతాయి. కాబట్టి మార్కుల మెమోలో హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ అని అచ్చయి ఉందో లేదో చేరకముందే సీనియర్ల మెమో తీసుకుని చూడండి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున కాలేజీ చుట్టూ తిరిగి లాభం లేదు.

ఇక తగ్గించిన ఒకటిన్నర సంగతి. మనిషి అవసరాలను మెట్లుగా చూపే మాస్లో త్రిభుజం అందంగా గీసే విద్యార్థికి పీఎఫ్ చలానా లెక్క ఇవ్వండి. బేసిక్, డీఏ కలిపి 15,000 అయితే కార్మికుడి వాటా 12 శాతం, అంటే 1,800. యజమాని వాటా కూడా 1,800 అని రాసి ఊరుకుంటారు. అందులో 1,250 పెన్షన్‌కి, మిగతా 550 మాత్రమే పీఎఫ్ ఖాతాకి పోతాయన్నది చాలామందికి ఉద్యోగంలో చేరాకే తెలుస్తోంది. ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) ఇంకా తమాషా. జీతం జూన్‌లో ఈఎస్‌ఐ పరిమితి 21,000 దాటి 22,000 అయింది కదా అని కోత ఆపేస్తారు. ఆపకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకూ ఒకే కాంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా కాలం) గనక సెప్టెంబర్ దాకా 0.75 శాతం, అంటే నెలకు 165 కొయ్యాలి, యజమాని 715 కట్టాలి. మధ్యలో ఆపితే ఆ బాకీ వడ్డీతో సహా కంపెనీ మీద పడుతుంది.

సిలబస్‌లో ఎక్కడా లేని చిక్కు మరొకటుంది: పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, టెన్త్ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది. యూఏఎన్‌తో (పీఎఫ్ ఖాతాదారు నంబరుతో) ఆధార్ కలవక కార్మికుడి పీఎఫ్ డబ్బు ఇరుక్కుంటుంది. దాన్ని సరిచేసే జాయింట్ డిక్లరేషన్ (కార్మికుడు, యజమాని కలిసి ఇచ్చే దరఖాస్తు) నింపడం ఒక్క పూటలో నేర్పొచ్చు, నేర్పరు.

ప్రాజెక్టు రిపోర్టుల్ని చూస్తే నవ్వొస్తుంది. ఏటా అదే 'ఉద్యోగుల సంతృప్తి', అదే వంద మందికి ప్రశ్నావళి, మారేది కంపెనీ పేరే. ప్రాజెక్టుకిచ్చే ఆ ఆరు వారాలూ లేబర్ కాంట్రాక్టర్ బిల్లును హాజరుతో, పీఎఫ్ చలానాతో పోల్చి చూసే పని మీద పెడితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుంది. కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన పీఎఫ్‌ను ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే పని చేయించుకునే అసలు కంపెనీయే కట్టాలి కాబట్టి, ఏ ఫ్యాక్టరీకైనా ఆ పని తెలిసిన మనిషి కావాలి.

ఇప్పటికే టైమ్ ఆఫీసులో ఉన్నవాళ్లు ఉద్యోగం మానక్కర్లేదు. యూజీసీ గుర్తింపున్న ఆన్‌లైన్ ఎంబీఏ ప్రైవేటు కంపెనీల్లో ప్రమోషన్‌కి సాధారణంగా చాలు. ఫుల్‌టైమ్ అని స్పష్టంగా అడిగే ప్రభుత్వరంగ నోటిఫికేషన్లకి మాత్రం పనికిరాదు. డిగ్రీ పూర్తిచేసి నేరుగా వచ్చేవాళ్లకు ఫుల్‌టైమే మంచిది. చేరేముందు మూడో సెమిస్టర్ సిలబస్ అడిగి తీసుకోండి. లేబర్ చట్టాల పేపర్‌లో ఇంకా పాత చట్టాలే ఉండి, 2025లో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ఊసే లేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.