మెగ్నీషియం గ్లైసినేట్: రెండేళ్లు వాడాక

ఈ మెగ్నీషియం మాత్రలను డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే అంకెను చూసి కొనకండి. 'మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా.' అంటే అది మొత్తం సమ్మేళనం బరువు. అందులో అసలు మెగ్నీషియం దాదాపు 14 శాతం, అంటే 140 మి.గ్రా. మిగతాదంతా దానితో జతకట్టిన గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. డబ్బా వెనక్కి తిప్పి 'ఎలిమెంటల్ మెగ్నీషియం' (అంటే ఆ అసలు మెగ్నీషియం) అన్న వరుస వెతకండి. 1000కి 200 అని రాసి ఉంటే లెక్క కుదరదు, సాధారణంగా మెగ్నీషియం ఆక్సైడ్ అనే మరో రకం కలిపారన్నమాట. 'బఫర్డ్' అని రాసేది దీన్నే. ఆ వరుసే లేని డబ్బాను పక్కన పెట్టేయడం మంచిది.

ఆక్సైడ్‌లో బరువుకి 60 శాతం మెగ్నీషియమే. అంకె ఘనంగా కనిపిస్తుంది గానీ అది నీళ్లలో సరిగా కరగదు, ఒంటికి పట్టేది తక్కువ. పట్టకుండా మిగిలింది పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెడుతుంది. ఇంకో రకం, మెగ్నీషియం సిట్రేట్, బాగా కరుగుతుంది, కానీ అదీ కడుపును కాస్త వదులు చేస్తుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకి అది మేలే. పొద్దున్నే పరుగుకి వెళ్లేవాళ్లకి మాత్రం ఇబ్బంది. మూడింటిలో కడుపు జోలికి రానిది గ్లైసినేటే, ఇన్నాళ్లూ దాన్నే కొనసాగించడానికి కారణం అదే.

ఇక కండరం సంగతి. కండరం బిగియాలన్నా వదలాలన్నా కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి, ఆ ఏటీపీ మెగ్నీషియంతో జతకడితేనే పనిచేస్తుంది. కండరం బిగిసేటప్పుడు కణంలోకి కాల్షియం విడుదలవుతుంది. దాన్ని మళ్లీ లోపలి సంచుల్లోకి తోడితేనే పట్టు సడలుతుంది. ఆ తోడే పంపు కూడా ఈ జంటతోనే నడుస్తుంది. కాబట్టి నిజంగా లోటుంటే నీరసం, కండరాలు అదరడం, పట్టేయడం కనిపిస్తాయి. లోటు లేనివాళ్లు ఎక్కువ వేసుకున్నంత మాత్రాన బలం పెరగదు, అదనాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. ఈ రెండేళ్లలో ఎత్తే బరువులో గానీ, మర్నాటి ఒంటినొప్పుల్లో గానీ మాత్ర వల్ల వచ్చిందని చెప్పగల తేడా కనబడలేదు. నిద్ర కొంచెం మెరుగైంది. అదే సమయంలో సాయంత్రం కాఫీ కూడా మానేయడంతో ఆ ఘనత మాత్రకి కట్టబెట్టలేను.

మెగ్నీషియాన్ని పిక్కలు పట్టేయడానికి మందుగా అమ్మడమే నాకు మింగుడుపడదు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష ప్రకారం పెద్ద వయసువాళ్ల పట్టేతలకి దీనివల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం కనిపించలేదు. వ్యాయామంలో వచ్చే పట్టేతల మీదైతే అప్పటికి సరైన పరీక్ష ఒక్కటీ దొరకలేదు. పిక్క పట్టేస్తే మోకాలు చాపి, పాదం ముందుభాగాన్ని చేత్తో ఒంటివైపు లాగి అర నిమిషం పట్టుకోండి. గుంజకూడదు, మెల్లగా లాగాలి. మాత్ర కంటే ఇది ముందు పనిచేస్తుంది.

మోతాదు: మొదటి వారం రాత్రి భోజనంతో 100 మి.గ్రా. ఎలిమెంటల్, కడుపు సరిగ్గా ఉంటే 200. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది మగవాళ్లకి 400–420, ఆడవాళ్లకి 310–320 మి.గ్రా. ఇందులో చాలాభాగం గింజలు, పప్పులు, ఆకుకూరల నుంచే రావాలి. మాత్రల రూపంలో రోజుకి 350 దాటకూడదన్నది అమెరికా పరిమితి, యూరప్‌లో 250. పరగడుపున వేసుకుంటే కొందరికి వికారంగా ఉంటుంది. మాత్రలు లావుగా ఉంటాయి. విరిస్తే పొడి రాలి మోతాదు తప్పుతుంది కనుక మింగలేనివాళ్లు క్యాప్సూల్ తీసుకోవాలి.

థైరాయిడ్ మాత్రకీ దీనికీ 4 గంటల ఎడం పెట్టండి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ అయితే దీనికి 2 గంటల ముందైనా, 4–6 గంటల తర్వాతైనా వేసుకోవాలి. కలిపి మింగితే మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటుంది, మందు ఒంట్లోకి చేరదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోకూడదు, అదనం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది.

రక్తపరీక్షనీ పూర్తిగా నమ్మలేం. ఒంట్లోని సుమారు 25 గ్రాముల మెగ్నీషియంలో పరీక్షలో కొలిచే సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) ఉండేది 1 శాతం లోపే. అంకె మామూలుగా ఉన్నా లోపల నిల్వ తగ్గి ఉండవచ్చు. ఎసిడిటీకి ఒమెప్రజోల్ లాంటివి ఏడాదికి మించి వాడుతున్నవాళ్లకీ, మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లకీ లోటు వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లు పరీక్ష చేయించుకుని, వాడే మందుల చీటీతో సహా డాక్టర్‌కి చూపించాలి.