వడపళని టేపుల దుకాణం: మాజీ నటి బీరువాకు ఎంతవరకు పనికొస్తుంది

చెన్నై వడపళనిలో, ఆర్కాట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, మొదటి అంతస్తులో రెండు గదుల దుకాణం. పాత వీడియో టేపుల్ని ఫైళ్ళుగా మార్చి ఇస్తారు. వచ్చేవి ఎక్కువగా పెళ్ళి క్యాసెట్లే. ఈ సమీక్ష మాత్రం వేరే రకం పని చూసి రాసింది: ఎనభైల్లో సినిమాలు, తొంభైల్లో సీరియళ్ళు చేసి మానేసిన ఒక తెలుగు నటి బీరువాలోని టేపులు. పేరు వద్దన్నారు కాబట్టి వద్దు. టీవీవాళ్ళు వాడిన యూమ్యాటిక్, బీటాక్యామ్ ఎస్పీ, ఇళ్ళలో వాడిన వీహెచ్ఎస్ మూడు రకాలూ ఉన్నాయి. యంత్రం ముందు కూర్చుని చేసే పనికి మంచి మార్కులు. తర్వాత కంప్యూటర్లో చేసే సోకులకు మాత్రం కోత.

ఈ పని అసలెందుకంటే, సినిమా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, టీవీ పని దొరకదు. మద్రాసు దూరదర్శన్ 1975లో, హైదరాబాదుది 1977లో మొదలయ్యాయి. టేపు ఖరీదైన ఆ రోజుల్లో ప్రసారమైపోయినదాన్ని చెరిపి, దాని మీదే ఇంకోటి ఎక్కించేవారు. 1993లో సన్, 1995లో ఈటీవీ వచ్చాక సీరియళ్ళు పెరిగాయి గానీ, నిర్మాత ఆఫీసు మూసేశాక మాస్టర్లు ఏ గోడౌనులో పడ్డాయో చెప్పేవాళ్ళు లేరు. నటి ఇంటికి పంపిన కాపీయే చాలాసార్లు చివరి కాపీ. పైగా ఈవిడకు సినిమాల్లో వేరొకరు డబ్బింగ్ చెప్పారు. సొంత గొంతు వినిపించేది సీరియళ్ళలోనే. అందుకే శబ్దం విషయంలో దుకాణం ఏం చేస్తుందన్నది బొమ్మ కంటే ముఖ్యం.

ముందు తీసుకునే దగ్గర. ఒక్కో క్యాసెట్ మూత తెరిచి, క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టార్చి కొట్టి టేపు చుట్ట అంచు చూస్తారు. తెల్లటి పొడి కనిపిస్తే పక్కన పెడతారు. అది బూజు. చెన్నై తేమకు మామూలే. బూజు పట్టిన టేపును నేరుగా ఆడిస్తే ఆ పొడి యంత్రంలో టేపును చదివే హెడ్డుకు పట్టి బొమ్మ పోతుంది, తర్వాత పెట్టే టేపుకూ అంటుతుంది. వీళ్ళు దాన్ని ఆరబెట్టి, దీనికోసమే ఉంచిన వేరే యంత్రంలో అటూ ఇటూ చుట్టి తుడిచాకే ఆడిస్తారు. యూమ్యాటిక్‌లో రెండు టేపులు కీచుమని ఆగిపోయాయి. టేపు మీది పొరను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకలా మారితే అలాగే అవుతుంది. సుమారు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేస్తే కొన్ని రోజులపాటు ఆడుతుంది. ఆ లోపే కంప్యూటర్లోకి ఎక్కించేసుకోవాలి. బలవంతంగా తిప్పకుండా ఆపేసి, ముందు అడిగి, తర్వాతే వేడి చేశారు. ఈ ఒక్క పద్ధతికే సగం మార్కులు ఇవ్వొచ్చు.

బీటాక్యామ్ దగ్గర చిన్న తప్పు జరిగింది. ఈ టేపుల్లో ఒకటో ట్రాకులో మాటలు, రెండో ట్రాకులో సంగీతం, చప్పుళ్ళు విడిగా ఉన్నాయి. ఆపరేటర్ రెండూ కలిపి ఇచ్చాడు. ఏడుపు సీనులో వయొలిన్ల కింద గొంతు మునిగిపోయింది. విడిగా కావాలంటే మళ్ళీ ఎక్కించారు, అదనంగా అడగలేదు. మీరు ముందే చీటీ మీద రాసివ్వండి: ‘ట్రాకులు కలపొద్దు’.

రెండో తప్పును క్షమించడం కష్టం. ఎపిసోడ్ మొదట్లో వచ్చే రంగు పట్టీలు, ఎపిసోడ్ సంఖ్య, తేదీ రాసిన పలక, ఇవన్నీ వేస్టని కత్తిరించేశారు. రంగు సరిచేసేది ఆ పట్టీల్ని చూసే. ఏ ఏడాది పనో తేల్చేది ఆ పలకే. సినిమా క్యాసెట్లకూ ఇదే వర్తిస్తుంది. మొదట వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మీద తేదీ, నంబరు, నిడివి ఉంటాయి. ఆవిడ సినిమాల వరుస ఇంటివాళ్ళ జ్ఞాపకం కంటే ఆ కాగితం చూసి పేర్చడం మేలు.

ఇక సోకుల సంగతి. పాత టీవీ బొమ్మ నాలుగుకు మూడు వంతుల కొలతది. దాన్ని ఇప్పటి టీవీ నిండేలా అడ్డంగా సాగదీసి ఇచ్చారు. గుండ్రటి బొట్టు కోడిగుడ్డయింది, జుమ్కీలు పళ్ళేలయ్యాయి, సన్నగా ఉండే మనిషికి పది కిలోలు కలిసొచ్చాయి. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఏమీ కాదు, ఉండనివ్వమని చెప్పండి. ‘క్లీనింగ్’ పేరుతో గీతలు, చుక్కలు తీసే ఫిల్టరు వేస్తే చీర జరీ అంచు ఒకే పసుపు మరకగా కలిసిపోయింది, కాటుక గీత చెరిగిపోయింది. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో గీత విడిచి గీతగా రెండు సగం బొమ్మలు, వాటినే ఫీల్డులంటారు, అంటే సెకనుకు 50. ఒక ఫీల్డు పారేస్తే 576 గీతల బొమ్మ 288కి పడిపోతుంది, చెయ్యి ఊపితే ఎగిరెగిరి పడుతుంది. నాట్యం ఉన్న ఎపిసోడ్లో వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళు మొదట ఇచ్చిన ఎంపీ4 ఇదే బాపతు.

అందుకని ఒక్కో టేపుకు రెండు ఫైళ్ళు అడగండి. ఒకటి ఏమీ ముట్టుకోని, నాణ్యత ఏమాత్రం తగ్గని లాస్‌లెస్ ఫైలు, గంటకు సుమారు 30 జీబీ. రెండోది ఫోన్లో చూసుకోవడానికి, గంటకు 2 జీబీ చాలు. హార్డ్ డిస్క్ మీరే ఇవ్వండి, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి. పాత పద్ధతి ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ముక్కలు చేసి ఇస్తారు.

ఇంట్లో దాచిన సినిమా వీహెచ్ఎస్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు, అది దుకాణం తప్పు కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 చొప్పున టేపుకెక్కించేవారు కాబట్టి రెండున్నర గంటల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది, గొంతు కొంచెం సన్నబడుతుంది. సీన్లు కోశారనుకుని గొడవ పెట్టుకోకండి. స్కోప్ సినిమా, అంటే వెడల్పు తెరది అయితే బొమ్మను టీవీ చట్రంలో ఇమడ్చడానికి పక్కలు కోస్తారు, అసలు బొమ్మలో 43 శాతం దాకా పోతుంది. హీరో మధ్యలో ఉండి ఈవిడ అంచున నిలబడిన చోటల్లా భుజమే మిగిలింది. ఇలాంటివాటికి డబ్బు పెట్టకుండా, మంచి ప్రింటు ఉన్న సంస్థను అడగడం నయం. ఎక్కించుకున్నవి ఇంట్లో చూసుకోవడానికే, హక్కులు నిర్మాతవి. యూట్యూబ్‌లో పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

లెక్క క్యాసెట్‌కు కాదు, ఆడిన నిమిషాలకు. ఇది న్యాయమే. అయినా 180 నిమిషాల వీహెచ్ఎస్‌లో చివరి రెండు గంటలూ ఖాళీ అయి ఉండొచ్చు, ఆ భాగానికి లెక్క కట్టలేదని బిల్లులో చూసుకోండి. బూజు తుడవడానికి, వేడి చేయడానికి విడిగా తీసుకుంటారు.

ఆపరేటర్లకు తెలుగు చదవడం రాదు. లేబుళ్ళ మీద ‘ఎపి 14, నాయుడి ఇల్లు, సగం’ అని బాల్ పెన్నుతో రాసున్నా ఫైళ్ళు టేప్ 1, టేప్ 2 అనే వచ్చాయి. ఇంట్లోనే ప్రతి క్యాసెట్‌కూ అంకె అతికించి, ఆ అంకెకు ఎదురుగా లేబుల్ మీదున్నది ఉన్నట్టు ఎక్కించిన పట్టిక ఒకటి దగ్గర పెట్టుకోండి. లేబుల్ ఫొటో కూడా తీసుకోండి. ఇచ్చేముందు పొరపాటున దేని మీదా రికార్డు పడకుండా చూడాలి: వీహెచ్ఎస్‌కు వెనక మూల చిన్న పలక విరిచేయాలి, యూమ్యాటిక్‌కు ఎర్ర బొత్తం తీసేయాలి. అన్నీ ఒకేసారి ఇవ్వలేకపోతే యూమ్యాటిక్ ముందు ఇవ్వండి. ఆడించే యంత్రాలు దానికే తక్కువ. పని అయ్యాక టేపులు పారేయొద్దు, వెనక్కి తెచ్చి పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి.

ఎండలో కారు డిక్కీలో వదలకండి. దుకాణానికి లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, యూమ్యాటిక్ క్యాసెట్లు బరువు. ఇద్దరు వెళ్ళండి.