సైన్స్ ప్రాజెక్టు లాగ్‌బుక్: కాగితం మేలైనదే, అచ్చు శీర్షికలతోనే చిక్కు

జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు సిద్ధమవుతున్న మా పాఠశాల విద్యార్థినులు ఇద్దరి కోసం, బజారులో సైన్స్ ప్రాజెక్టు లాగ్‌బుక్ పేరిట అమ్ముతున్న గట్టి అట్ట పుస్తకాన్ని 160 రూపాయలకు కొన్నాను. 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న ఆ కార్యక్రమంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తుది నివేదికతోపాటు రోజువారీ లాగ్‌బుక్‌ను కూడా చూపాలి. నివేదికను పెద్దలు దిద్దవచ్చు గాని, పని నిజంగా ఎవరు చేశారో లాగ్‌బుక్ చెబుతుంది.

తయారీలో వంక పెట్టలేము. దారంతో కుట్టిన బైండింగు, అచ్చు వేసిన పేజీ సంఖ్యలు ఉన్నందున నచ్చని పేజీని చింపేస్తే వెంటనే తెలిసిపోతుంది. ఎడమవైపు గ్రాఫు, కుడివైపు గీతల కాగితం ఉండటం ఎంతో సౌకర్యం.

చిక్కంతా లోపలి శీర్షికలతోనే. మట్టికుండలోను, స్టీలు బిందెలోను నీరు ఎంత చల్లబడుతుందో ఆరు వారాలు కొలవాలన్నది మా పిల్లల ప్రాజెక్టు. పరిశీలనలకు కేటాయించిన ఎనిమిది పేజీలు రెండు వారాలకే నిండిపోయాయి. పైగా పట్టికలో తేదీ, ఉష్ణోగ్రత గళ్లు తప్ప ఆ రోజు వాతావరణం రాసుకోవడానికి చోటు లేదు. ముసురు పట్టిన ఒక రోజు కుండనీరు, బిందెనీరు దాదాపు ఒకే వేడిమి చూపించాయి. థర్మామీటర్ చెడిపోయిందనుకుని పిల్లలు ఆ గడిని ఖాళీగా వదిలేయబోతే, అంకెతోపాటు వాన సంగతి కూడా మార్జిన్‌లో రాయించాను. అలాంటి రోజులు మరో రెండు వచ్చాక గాని, గాలిలో తేమ పెరిగితే కుండ చెమర్చిన నీరు సరిగా ఆవిరి కాదన్న సంగతి వారికి తట్టలేదు. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి; ఆవిరే కాకపోతే కుండ చల్లబడేది ఎక్కడ? దాంతో ప్రశ్నే మారిపోయింది, గాలిలో తేమను కొలిచేందుకు ప్రయోగశాలలోని తడి పొడి బల్బుల థర్మామీటర్ బయటికి వచ్చింది. కాని పరికల్పనకు, అంటే ఫలితం ఇలా ఉంటుందని ముందుగా వేసుకునే ఊహకు, పుస్తకం ఇచ్చింది ఒకే ఒక పేజీ. పాతదాన్ని కనిపించేలా కొట్టేసి, కొత్తదాన్ని చీటీ మీద రాసి అతికించవలసి వచ్చింది.

ముందే తేలిన ప్రయోగాన్ని అందంగా ఎక్కించడానికి ఈ పుస్తకం బాగానే సరిపోతుంది. వచ్చే ఏడాది మాత్రం మామూలు లాంగ్ నోట్‌బుక్ కొని, మొదటి రోజే పేజీ సంఖ్యలు చేత్తో వేయించి, గ్రాఫు కాగితాలు విడిగా అతికిస్తాము.